విన్ ఫోటో ఉండవలసిన చోటు

దోవాన్ థి న్యాన్ అను నేను, వయస్సు డెబ్బై ఎనిమిది, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయినిని, మెకాంగ్ నది పాయ ఒడ్డున అన్ లాక్ గ్రామ నివాసిని, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో ఈ వీలునామా రాస్తున్నాను. నా జ్ఞాపకశక్తిని అనుమానించేవారు వచ్చి పదమూడో ఎక్కం అప్పజెప్పించుకోవచ్చు.

1. ఇల్లు, కొబ్బరితోట మా అమ్మ నుంచి నాకు సంక్రమించినవి. మూడేళ్ళ కిందట పోయిన నా భర్త, ఈ ప్రాంతమంతా "ఏడో అన్న" అని పిలుచుకున్న విప్లవ నాయకుడు లువాంగ్ వాన్ ఖోయ్‌కి వీటిపై ఏనాడూ హక్కు లేదు. ఆ మాట ఆయనే గర్వంగా చెప్పేవారు.

2. పింగాణీ గిన్నెల్లో మిగిలిన ఆరూ నా కూతురు సువాంగ్‌వి. తక్కిన రెండూ పగలగొట్టిన మరిది మువోయ్‌కి ఏమీ లేదు. అడుగుతాడు, ఇవ్వకండి.

3. ఊదారంగు పట్టు పొడవు చొక్కా మనవరాలు చామ్‌ది. నడుము దగ్గర విప్పి కుట్టించుకో తల్లీ, నువ్వు నాకంటే బాగా తింటావు.

4. ఈ ఇంటిని తోటతో సహా ఏడో అన్న స్మారక గృహంగా ఇమ్మని పార్టీ ప్రాంతీయ కమిటీ కోరింది. ఇస్తాను. షరతు ఒక్కటే: పోయినవాళ్ళ ఫోటోలు పెట్టి పూజించే పెద్దల పీఠం మీద ఆయన ఫోటోతో పాటు మా అబ్బాయి విన్ ఫోటో ఉండాలి, ఒంటి మీది యూనిఫాంతో సహా.

ఆ యూనిఫాం మా వారు ఎదిరించి పోరాడిన దక్షిణాది సైగాన్ ప్రభుత్వానిది. 1954లో దేశం రెండుగా విడిపోయినప్పుడు, విప్లవకారులను ఉత్తరానికి తీసుకెళ్ళే ఓడ మీద నుంచి మా వారు రెండు వేళ్ళు చూపించారు, రెండేళ్ళలో వస్తానని. అప్పటికి విన్‌కి రెండేళ్ళు, సువాంగ్ నా కడుపులో ఉంది. ఆయన రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. ఈలోగా సైగాన్ వాళ్ళు విన్‌ని బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోయారు. ఇరవయ్యో ఏట చనిపోయాడు.

1975లో ఆయన కమిటీ కార్యదర్శి హోదాలో తిరిగి వచ్చి, పీఠం మీద ఆ యూనిఫాంలో ఉన్న విన్ ఫోటో చూశారు.

"రేపు కమిటీ వాళ్ళు భోజనానికొస్తారు. ఆ ఫోటో తీసెయ్, న్యాన్."

"వాళ్ళకి పెట్టేది అన్నమండీ, ఫోటో కాదు."

"పంతులమ్మా, నాకు పాఠాలు చెప్పకు!"

తనే తీసేశారు. ఆకలితో ఉన్న రైతులను వడ్లు ప్రభుత్వానికి కాక బయట అమ్ముకోనిచ్చి, పై కమిటీకి ఎదురు నిలిచి, పదవి పోగొట్టుకున్న మనిషాయన. కొడుకు ఫోటో దగ్గర మాత్రం నిలవలేకపోయారు. విన్ తద్దినం ముప్పై ఒక్క ఏళ్ళు వంటింట్లో పెట్టాను. ఆయన పోయిన మర్నాడే ఫోటోను తిరిగి పీఠం ఎక్కించాను.

పోయిన నెల కమిటీ ఉద్యోగి క్వియెన్ వచ్చాడు. "పెద్దమ్మా, మెడ కింద కత్తిరించేద్దాం. మొహం ఒక్కటే ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నాడు.

"నిన్ను మెడ దగ్గర కత్తిరిస్తే మీ అమ్మకి ఇబ్బంది ఉండదురా?" అన్నాను. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

5. నేను పోయాక నూరో రోజున చేసే పూజ నాటికి ఆ ఫోటో నిండుగా పీఠం మీద లేకపోతే, ఇల్లూ తోటా సువాంగ్‌కి చెందుతాయి. గోడ మీద కమిటీ ఫలకం ఉండరాదు. అమలు బాధ్యత కూడా సువాంగ్‌దే. అమ్మా సువాంగ్, నీ కూతురు చామ్ ఉద్యోగం తీసేస్తామని నిన్ను బెదిరిస్తారు. భయపడు, కానీ వాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టకు.

6. నా ఫోటో వాళ్ళిద్దరి మధ్య పెట్టండి. విన్‌కి ఊహ తెలిశాక తండ్రిని చూడలేదు. పరిచయం చేయడానికి మధ్యలో ఒకరు ఉండాలి.

2009 మార్చి 14, అన్ లాక్.

(సంతకం) దోవాన్ థి న్యాన్

సాక్షులు: ఫుంగ్ వాన్ కియెమ్, పొరుగింటి వడ్రంగి
తా థి ఙ్వాన్, విశ్రాంత మంత్రసాని