తూర్పు అంచున ఆవగింజంత

కొడైకానల్,
బుధవారం సాయంత్రం

అమ్మకు శెన్బగవల్లి నమస్కరించి రాసేది. ఇక్కడ చలి తప్ప నాకు వేరే బాధ లేదు. కోవిల్‌పట్టిలో నువ్వు, ఇసక్కిముత్తు అన్న, వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు పంపిన పల్లీచిక్కీని మా వేధశాలవాళ్లు ఒక్కపూటలో ఊదేశారు.

"సూర్యుడికి, అంత నిప్పుముద్దకి నేలంటూ ఉంటుందా?" అని పోయిన ఉత్తరంలో అడిగించావు. ఉండదమ్మా. మనకు కనిపించే వెలుగంతా ఒక పల్చటి పొర నుంచి వస్తుంది. దాన్ని కాంతిమండలం అంటారు. ఏ నక్షత్రానికైనా మనం చూసే ముఖం అదే. ఫోటోలో చూస్తే ఎసట్లో కుతకుతలాడే బియ్యంలా ఉంటుంది. ఒక్కో గింజ మన తమిళనాడు కంటే పెద్దది!

అసలు సంగతి విను. ఈ ఉదయం సూర్యుడి మీద కొత్త మచ్చను అందరికంటే ముందు నేనే చూశాను! దూరదర్శిని కింద కాగితం మీద పడిన బింబాన్ని రోజూలాగే పెన్సిలుతో గీస్తుంటే, తూర్పు అంచున ఆవగింజంత నలుపు. నిన్న లేదు. పరుగున వెళ్లి మా పెద్దాయన ఆరోగ్యసామి సారును పిలుచుకొచ్చాను.

"అద్దం మీద దుమ్మమ్మా, తుడిస్తే పోతుంది."

"దుమ్ము కాదు సార్!"

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాడికి చెబుతున్నావా? నీ కంట్లోనే నలుసు పడిందేమో చూసుకో."

గుండె ఝల్లుమంది. కుడికన్ను మూసుకుని చూశాను. ఉంది! దూరదర్శినిని వెంట్రుకవాసి జరిపాను. దుమ్మైతే ఉన్నచోటే ఉండాలి. మచ్చ బింబంతోపాటు జరిగింది!

"అడెడే, నిజమే పిల్లా! టైము రాయి, ముందు టైము రాయి!" అంటూ సారు నాకంటే ఎక్కువ గంతులేశారు. మబ్బు కమ్మేలోపు మూడు బొమ్మలు గీశాం. వాటి కింద నా పేరే రాయించారు.

అమ్మా, కుడికన్ను ఎందుకు మూశానో చెప్పాలి. ఆ కంటితో ఏం చూసినా నడుమ ఒక చుక్క మసగ్గా ఉంటుంది. అన్న చిమ్మిన సున్నంనీళ్ల వల్లే అనుకుంటున్నావు. కాదు. నా పదకొండో ఏట, గ్రహణంనాడు నువ్వు తలుపులు బిడాయిస్తే, అటకెక్కి పెంకు తొలగించి సూర్యుణ్ణి చూశాను. తంతావని భయపడి, అన్న కంట్లో సున్నంనీళ్లు చిమ్మాడని అబద్ధమాడి నేరం తన మీదికి తోశాను. చింతబరికె విరిగేదాకా కొట్టావు. "చెల్లెలి కన్ను పొట్టనపెట్టుకున్నావు" అని ఇప్పటికీ దెప్పుతావు.

మధ్యాహ్నం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, పనిలో ఉన్న అన్నకు ఇదంతా చెప్పి ఏడ్చాను.

"తెలుసులేవే. ఆ పెంకు మళ్లీ సర్దింది నేనే" అన్నాడు.

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను గడప దాటనిచ్చేదా, బడికి పోనిచ్చేదా? అది సరేగానీ, నీ మచ్చ ఎంతుంటుంది?"

"మన భూమంత!"

"ఒరేయ్, వింటున్నారా! మా చెల్లెలు భూమంత మచ్చ పట్టిందిరా!" అని ఫోన్ పట్టుకునే ఫ్యాక్టరీ అదిరేలా అరిచాడు.

నా ఉత్తరాలు ఎప్పుడూ అన్నే కదా నీకు చదివి వినిపించేది. ఈ ముక్క దాటేస్తాడని నాకు తెలుసు. అందుకే దీన్ని వదిన పేరున పంపుతున్నాను. ఆవిడ చదవడం అయ్యాక అన్నను దగ్గరికి పిలువు. ఏమీ అనకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చోబెట్టుకుని నీ చేత్తో అన్నం పెట్టు.

ఇట్లు,
నీకు ఇన్నేళ్లు నిజం దాచిన కూతురు,
శెన్బగవల్లి