చీజు గిన్నె అడుగున మాడు

జాయ్సీ,

ఈ అరబ్బు దేశంలో ఉండేదానికి ఇచ్చే కార్డు, ఇఖామా, దాని మెడికల్ టెస్టుకు నన్ను తీసుకుపోతున్నారు. ఏడింటికి మన యజమానురాలు మామా వాళ్ల చుట్టాలొస్తారు. ఫాండ్యూ, అదే ఆ కరిగించిన చీజు, నువ్వే చెయ్యాల.

తురిమిన చీజు ఫ్రిజ్‌లో ఉంది. రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి పెట్టినా. వైన్ బదులు తెల్ల ద్రాక్షరసం వేడిచేసి, సన్నమంట మీద చీజు కొంచెం కొంచెంగా వేస్తా తిప్పు. నిమ్మరసం మర్చిపోవద్దు. పాలు విరిగినట్టు విరుగుతుందని మొన్న నేను పిండలేదు, అంతా ముద్దకట్టింది. పులుపు పడితేనే నున్నగా కరుగుతుందంట! ఎట్లనో నాకింకా అంతుబట్టలేదు. నువ్వన్నా దగ్గరుండి చూసి చెప్పు.

ఇంకో వింత. రొట్టెముక్క పుల్లకు గుచ్చి, ఇంటోళ్లూ వచ్చినోళ్లూ అందరూ ఒకే గిన్నెలో ముంచుకుని తింటారంట. "ఎంగిలి కాదా?" అని అడిగితే మామా కూతురు పడీపడీ నవ్వింది.

నువ్వు ఈ ఇంట్లో పనికొచ్చిన కొత్తల్లో నా గ్లాసు నీకు అందకుండా విడిగా పెట్టుకునేదాన్ని. నువ్వు చూసినావని నాకు తెలుసు.

ఓబులమ్మ

అడుగున పట్టిన మాడే అన్నిటికన్నా రుచంట. గిన్నె కడగొద్దు. నేనొచ్చినాక ఇద్దరం గీక్కుని తిందాం. పుల్లలు వద్దు, చేత్తోనే.