నిమ్మరసం నుంచి రాతిని కాపాడమని

శిలాసంపద పరిరక్షణ విభాగం అధికారి గారికి, ధర్మవరంలో రాళ్ళ పాలిషింగ్ యార్డు కార్మికుడు శివకృష్ణ రాసుకున్న మనవి.

అయ్యా,

విషయం: మా యార్డు గేటు దగ్గరి సున్నపురాతిని భక్తుల నుంచీ, ఓనరు నుంచీ, వీలైతే తమ సిబ్బంది నుంచీ కాపాడుట గురించి.

1. తాడిపత్రి వైపు నుంచి వచ్చిన సదరు రాతిలో ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రాలు ఉన్నవి. అవి శిలాజాలు. కోట్ల ఏళ్ళ కిందట, లోతు తక్కువ సముద్రంలో, కంటికి కనపడని జీవులు జిగట పొరగా పరుచుకున్నాయి. మీద బురద పడితే వెలుతురు కోసం పైకి పాకి మళ్ళీ పరుచుకున్నాయి. అట్లా పొర మీద పొర పేరుకుని రాయైంది. అప్పటికి చేప లేదు, పాము లేదు, మనం అసలే లేము. ఇట్లాంటివి వదిలిన ప్రాణవాయువుతోనే తర్వాతి జీవులు ఎదిగాయి. తమరు ఏసీ గదిలో పీల్చేది కూడా ఆ పుణ్యమే.

2. ఓనరు నల్లప్ప దీన్ని బండలుగా కోయబోతే, యార్డు ఊడ్చే మా అవ్వ యల్లక్క అవి పాము పడగలని పసుపు కుంకుమ పెట్టేసింది. రంపం ఆగింది. అంతవరకు సంతోషమే. ఇప్పుడు శుక్రవారం వస్తే జనం దాని మీద నిమ్మకాయలు పిండుతున్నారు. సున్నపురాతి మీద పులుపు పడితే నురగ వస్తుంది, రాయి కరుగుతుంది. జనమేమో "అమ్మ ఊపిరి తీసుకుంటాండాది!" అని ఇంకో కాయ పిండుతున్నారు.

3. "అది పాము కాదవ్వా, మనందరికన్నా ముందు పుట్టిన పెద్ద" అని వివరించితిని. "అట్లయితే పెద్దలకు పెట్టుకోకుంటే ఎట్లరా?" అని అవ్వ మర్నాటి నుంచి వడలు కూడా పెడుతున్నది. సైన్సు చెప్పి నేను సాధించినది ఇదీ.

4. గత అర్జీపై విచారణకు వచ్చిన తమ సిబ్బంది ఒకరు "ఎముక యాడప్పా? పన్ను యాడ? ఎముక లేనిది ఫాసిల్ ఎట్లయితాది?" అని నన్నే నిలదీసి, పోతూ పోతూ తానూ ఒక కాయ పిండి, ఇంకోటి జీపు చక్రం కింద పెట్టించుకుని వెళ్ళిరి. వెన్నెముక లేనివి కూడా కలకాలం నిలుస్తాయని వారికి తెలియకపోవడం ఆశ్చర్యం. రోజూ ఆఫీసుకు వెళ్తారు గదా.

5. పూజ ఆగితే నల్లప్ప రంపం, సాగితే నిమ్మరసం. నడిమి గుండ్రం ఇప్పటికే మసకబారింది. వచ్చే శుక్రవారం బస్తా నిమ్మకాయలతో అభిషేకమట. మిగిలింది ఆ రోజు పోతుంది.

కావున తమరు శుక్రవారానికి ముందే క్రేను పంపి రాతిని మ్యూజియంకు తరలించవలెనని కోరుతున్నాను. ఈ మొరను ఫైళ్ళ అడుగున కాక కళ్ళ ముందు పెట్టుకుని చిత్తగించవలెను. కోట్ల ఏళ్ళు ఆగిన రాయి ఇంకో విచారణకు ఆగలేదు.

ఓపిక ఉన్నంతవరకు తమ విధేయుడు,
శివకృష్ణ

తా.క.: ఇది చదివి వినిపిస్తే అవ్వ అంటోంది: "క్రేను వస్తే పోనీలే. నిమ్మకాయ వద్దంటే ఉత్త చేతుల్తో ఎట్ల సాగనంపేదిరా?" నీళ్ళు చాలని చెప్పినాను. అది బతికినన్నాళ్ళూ నీళ్ళలోనే బతికింది. అవ్వ బిందె నింపి పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది సారూ. రండి.