మేస్త్రీ లేని కప్పు

20 మే 2001, ఆదివారం, ఉదయం 6:10
నిర్ణయం జరిగిపోయింది! మేడమీది గదికి కప్పు నేనే వేస్తాను. చెక్క వద్దు, చెదలు పడుతుంది. స్టీలు బద్దెలు. రేకులను మోసేవి పైన, సీలింగును మోసేవి దాని కింద. మేస్త్రీ లేడు, కాంట్రాక్టరు లేడు. తన నెత్తి మీది కప్పు తాను వేసుకోలేనివాడు సగం బానిస. ఇది ఒక విప్లవ కరపత్రంలో చదివాను.

గడువు జూన్ 4. ఆ రోజు అక్క మంజులత అక్కడ కంప్యూటర్ క్లాసు మొదలుపెడుతుంది. జూబ్లీహిల్స్ ఆఫీసులో ఉద్యోగం మానేసి మరీ దిగింది. పన్నెండు మంది అమ్మాయిలు పేర్లిచ్చారు. గది తడిస్తే అంతే సంగతులు.

అక్క అంది: "స్టూలెక్కితెనే కండ్లు తిరుగుతయి నీకు. మేస్త్రిని పిలువురా."
అక్క విప్లవ ప్రతీఘాత శక్తి!

21 మే, సోమవారం
టోలిచౌకి ఇనుప దుకాణం. బద్దెలు రెండు రకాలు: మందంవి, పల్చనివి.
షాపాయన: "మందంవి మీదికి, పల్చనివి సీలింగుకు. కలపకు తమ్మీ."
రాసుకున్నాను. పైన మూడడుగులకొకటి, సీలింగుకు అడుగున్నరకొకటి. దోపిడీ గురించి ఆయనకు ఇరవై నిమిషాలు చెప్పాను. టీ ఇప్పించాడు.

24 మే, గురువారం
ఒక్క బద్దె బిగించాను. మూడు గంటలు! డ్రిల్లు జారింది, మరమేకు వంకర పోయింది. నాయనమ్మ బుచ్చమ్మ కింది నుంచి "ఉన్నవా బిడ్డా?" అని ఐదుసార్లు అరిచింది.

25 మే, మధ్యాహ్నం 12:30
నలభై మూడు డిగ్రీలు. స్టీలు ముట్టుకుంటే పెనమే. ఎనిమిది గంటల పని కార్మికుడి హక్కు. నేను రెండు గంటలు చేసి ఆపాను. చైతన్యం ముందుకు పోవాలి కదా.

27 మే, ఆదివారం
మందం బద్దెకు మరమేకు దిగడం లేదు. పల్చనిదానికి వెన్నలా దిగుతోంది. పైన కూడా పల్చనివే వేస్తున్నాను. బరువు తగ్గితే గోడలకు మంచిది. (ఇది ఏ కరపత్రంలోనూ లేదు. నా సొంతం.)

వెనక వీధి అచ్యుతరామయ్యగారు వచ్చారు. సినిమా సెట్లు కడతారు. ముప్పై ఏళ్ళలో ఇరవై రెండు రాజమహళ్ళు కట్టారట! ఆయన సలహాదారు. మేస్త్రీ కాదు. తేడా ఉంది.
ఆయన: "మూడడుగులకొకటి దేనికి బాబూ? ఆరడుగులు చాలు. గుమ్మంలోంచి చూస్తే ఎంత ఖాళీగా, అందంగా ఉంటుందో!"

1 జూన్, శుక్రవారం, సాయంత్రం 4:00
పూర్తి! ఆయన చెప్పినట్టే ఆరడుగులకో బద్దె వేసి ఇద్దరం రేకులు పరిచాం. ధగధగ!

అదే రోజు, 5:20
వాన. రేకులు బద్దెల మధ్య చాపల్లా కుంగాయి. పైన చెరువు. లోపల జలపాతం.
"మీ రాజమహళ్ళ కప్పులు ఎలా నిలిచాయండీ?" అని అచ్యుతరామయ్యగారి మీద అరిచాను.
"సెట్టుకు కప్పేంటి బాబూ? పైనుంచి లైట్లు దించొద్దూ? నా సర్వీసులో ఒక్క కప్పూ వేయలేదు."
"ముందే చెప్పొచ్చుగా!"
"మీరు అడగలేదుగా."

2 జూన్, శనివారం
అక్క పొద్దున్నే పైకి వచ్చింది. తడి గోడను చేత్తో తుడుస్తూ నిల్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేనే మోతీనగర్ వెళ్ళి రేకుల మేస్త్రీ బాలనర్సయ్యను పిలుచుకొచ్చాను. నేనే! చరిత్ర క్షమించుగాక.
ఆయన పైకి చూసి, "గిదెవరు జేసిండ్రు?"
"ఎవరో" అన్నాను.
"గా ఎవరో గిట్ల దొరికితే జర నాకు జూపియ్యి."
రోజంతా ఆయనకు నిచ్చెన పట్టుకున్నాను. మందం బద్దెలు, మూడడుగులకొకటి. పొద్దుగూకేలోపు రేకులు కూడా ఎక్కాయి.

4 జూన్, సోమవారం
పొద్దున కుండపోత. గదిలో ఒక్క చుక్క లేదు. పన్నెండు మంది, రెండు కంప్యూటర్లు, టకటకలు. అక్క నాకు పకోడీలు పెట్టింది. మాట కూడా కలిపింది: "ఇంక పైకి జూడకు."

చూశాను. సీలింగు మిగిలే ఉంది! పల్చని బద్దెలు, అడుగున్నరకొకటి. ఈసారి మేస్త్రీ లేడు, సలహాదారూ లేడు.

సాయంత్రం 5:40. డ్రిల్లు పట్టుకుని గదిలోకి అడుగుపెట్టాను.
5:42. పన్నెండు మంది అమ్మాయిలూ కంప్యూటర్లు మోసుకుంటూ కిందికి దిగుతున్నారు. ముందు అక్క.