పెళ్ళికొడుకు ఏడు తరాలు

మే 6, 2023. మిస్సిసాగా, కెనడా.

బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న నాకు ఇవాళ ఇంటి పెద్దరికం దక్కింది. పైన ఉండే పద్మిని ఆంటీ రిటైరైన డాక్టరు. వాళ్ళమ్మాయి వాసంతి అక్క, హాలిఫాక్స్ కుర్రాడు మాథ్యూని చేసుకుంటానంది. ఆంటీ కాదనలేదు. ఒకటే షరతు.

"అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడందే నేను పీటల మీద కూర్చోనమ్మా. నువ్వు డేటా అనలిటిక్స్ చదువుతున్నావుగా తేజశ్రీ, ఏడు తరాలు నీకెంతసేపు?"

తీర్మానం: రోజూ రెండు గంటలు. ఫోన్ దూరంగా. రీల్స్ బంద్. వారంలో వంశవృక్షం ఆంటీ చేతిలో.

మే 7.

ఒక్క పూటలో నాలుగు తరాలు! అంతా ఆన్‌లైన్లోనే, చర్చి రికార్డుల్లో. మా తాత పుట్టినరోజు అడిగితే మా ఇంట్లో "పెద్ద తుఫాను వచ్చిన ఏడు" అంటారు. నేను డిటెక్టివ్ కావాల్సినదాన్ని, అనవసరంగా కోడింగ్‌లోకి వచ్చా.

మే 9.

ఏడో తరం దొరికింది. నథానియల్ క్రాడాక్. అమెరికా ఇంకా ఇంగ్లండు చేతిలో ఉన్నప్పుడు వర్జీనియాలో పొగాకు తోటల యజమాని. మాది ఒంగోలు. వర్జీనియా అంటే పొగాకు రకమనే ఇన్నాళ్ళూ అనుకున్నా, రాష్ట్రమని ఇవాళే తెలిసింది.

"అంటే జమీందార్లన్నమాట" అన్నారు ఆంటీ. సాయంత్రానికల్లా గుడిలో అందరికీ తెలిసిపోయింది. ఇక నథానియల్ భార్య వివరాలు రాస్తే పని అయిపోయినట్టే.

మే 10.

చిక్కొచ్చింది. భార్య ఎలిజబెత్ అతని సొంత బాబాయి కూతురు. అంటే చెల్లెలు. మేనరికమైతే సర్దుకోవచ్చు, ఇదెలా కుదురుతుంది? రికార్డు రాసినవాడు కునికిపాట్లు పడుతూ రాసుంటాడు. ఆ ఊళ్ళో ఇద్దరు నథానియల్ క్రాడాక్‌లు ఉండేవారని నేనే సరిచేశా. ఆంటీ చూస్తే అక్క పెళ్ళి ఆగిపోదూ?

మే 14.

వేర్‌హౌస్‌లో షిఫ్టు. పైగా అసైన్‌మెంట్. పైగా రీల్స్, కొంచెమే.

మే 16.

401 హైవే మీద ట్రాఫిక్. వచ్చి పడుకున్నా. పరిశోధకులకు నిద్ర అవసరం.

ఆంటీ మెట్ల మీంచే అడిగారు. "ఏమ్మా, అయిందా?"

"ఫైనల్ చెకింగ్ ఆంటీ."

మే 20.

కాబోయే బావ భోజనానికి వచ్చాడు. ఆంటీ వంటింట్లో ఉండగా నా వంశవృక్షం చూపించా. గోంగూర కలుపుకుంటూనే అంతా చదివి, నథానియల్‌లు ఇద్దరు కాదు, ఒక్కడే అన్నాడు. చేసుకున్నది బాబాయి కూతుర్నే, వాళ్ళలో అది మామూలేనట. కాని వీళ్ళు ఆ ఎలిజబెత్ సంతానం కాదు.

తోటలో హన్నా అని ఒకామె ఉండేది. ఇంటిపేరు లేదు. నథానియల్ ఆమెను వేలంలో కొన్నాడు. అతనివల్ల ఆమెకు పుట్టిన కొడుకు నుంచే వీళ్ళ వంశం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసేటప్పుడు ఆ పసివాణ్ణి చంకనేసుకుని బానిసలకు స్వేచ్ఛ ఇస్తామన్న ఇంగ్లీషువాళ్ళ ఓడెక్కి కెనడా వచ్చేసింది. వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. మీ ఆంటీ నన్నే అడిగుంటే చెప్పేవాణ్ణి కదా అన్నాడు.

సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పొగాకు ఊళ్ళో పుట్టి కూడా, ఆ తోటల్లో ఆకు కోసిందెవరని ఒక్కసారీ అనుకోలేదు.

ఆంటీకి చెబితే పెళ్ళి ఆగుతుంది. చెప్పకపోతే మోసం. ల్యాప్‌టాప్ మూసేశా. ఈ పని నావల్ల కాదు.

మే 22.

ఆంటీయే కిందికి దిగొచ్చారు. మొత్తం చెప్పేశా.

"అయితే ఆ అన్నాచెల్లెళ్ళకి పుట్టినవాళ్ళు కాదన్నమాట. బతికించావు" అంటూ నా మంచం మీద కూర్చున్నారు. కాసేపటికి మొహం మారింది. "కొన్నాడా? మనిషిని?"

"అవునాంటీ."

"అలాంటివాణ్ణి పట్టుకుని గుడిలో జమీందారని ఊరేగానే. రేపు నేనే వెళ్ళి అందరికీ చెప్తాను, ఈ పెళ్ళికొడుకు హన్నాగారి వంశమని. పెళ్ళిలో ప్రవర చదివేటప్పుడు పంతులుగారు ఆవిడ పేరే చదవాలి."

"పెళ్ళి ఆగదా ఆంటీ?"

"ఎందుకాగుతుంది? పిల్లాణ్ణెత్తుకుని సముద్రం దాటిందమ్మా ఆవిడ. కాని నువ్వు ఏడు తరాలు లెక్కేసింది వాడి వైపు. ఆవిడ తల్లెవరో చూడు."

"దొరకదాంటీ. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు."

"వెతక్కుండానే?"

మే 23.

కొత్త తీర్మానం: రోజూ మూడు గంటలు. హన్నా తల్లి పేరు. ఫోన్ ఆంటీకి అప్పగించా.

ఇవాళ ఏమీ దొరకలేదు. రేపు మళ్ళీ చూస్తా.