కరక్కాయ పట్టని గుడ్డ

18 జనవరి 2001, గురువారం

చంద్రగిరి కోట ఉత్సవానికి పిలుపు. ఆదివారం. జనం ముందు కూర్చుని కలంకారీ వేసి చూపించాలట. ఎన్నేళ్ళకు! నాయన ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. నువ్వే చదువుకోవచ్చు కదా అంటే — "నీ నోట వింటే బాగుంటాది పాపా." మురిసిపోయాను.

19, శుక్రవారం

గుడ్డ నానబెట్టాను. కరక్కాయ పొడి, గేదె పాలు — ఇవి పట్టిన గుడ్డ మీదే రంగు నల్లగా దిగి, ఉతికినా నిలుస్తుంది. నల్లరంగు కోసం బెల్లం, ఇనుపముక్కలు ఊరిన కుండ మూత తీసి నాయనే వాసన చూశాడు. పక్కన కూర్చుని ఎప్పటి పాటే — "కలం తాకతానే నల్లబడాల. కాలేదంటే గుడ్డది తప్పు, చెయ్యిది కాదు." చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విని ఉంటాను.

20, శనివారం

గుడ్డ ఆరింది. లేత పసుపు. ఇల్లంతా పాలవాసన. మడిచి పెట్టెలో పెట్టాను, మామూలు తెల్లగుడ్డల పక్కన.

రెండు నెలలుగా, కలం పట్టేముందు వేసే బొగ్గుగీతలన్నీ నాచేతే గీయిస్తున్నాడు. నేర్చుకోవాలంట. నా చెయ్యి మీద నమ్మకం కుదిరినట్టే ఉంది.

21, ఆదివారం

రాయలేను.

22, సోమవారం

నిన్న తొలి బస్సుకు బయల్దేరాం. కరెంటు లేదు. పెట్టెలో తడుముకుని ఒక మడత తీసి సంచిలో పెట్టుకున్నాను. కోటలో, పందిరి కింద విప్పితే... తెల్లగా. తెల్లగుడ్డ! కరక్కాయ పట్టింది ఇంట్లోనే ఉండిపోయింది.

నాయన జనం ముందే తిడతాడనుకున్నాను. తిట్టాలి. పసుపేదో తెలుపేదో పసిపిల్లకైనా తెలుస్తుంది. ఆయన గుడ్డకేసి చూశాడు... కలం ముంచాడు.

నేను పరిచింది కదా అని తడిమి కూడా చూడలేదు.

అప్పుడు తెలిసింది. కాగితం చదివించుకోవడం. బొగ్గుగీతలు. ఎంత మొద్దుదాన్ని నేను! ఒకే ఇంట్లో ఉండి...

ఆపాలి. ఆపితే ఆయన చూపు సంగతి అందరి ముందూ బయటపడుతుంది. పక్కనే మైకు.

సీతమ్మను వేశాడు. బొగ్గుగీత లేకుండా, ఎడమచేతి వేళ్ళతో చోటు కొలుచుకుంటూ, వెనకాలే కలం. జడ, వంకీ, చీర కుచ్చిళ్ళు — ఒక్క గీత తప్పలేదు. అన్నీ టీ మరకల్లా పాలిపోయి, అంచుల్లో పాకుతున్నాయి.

ముందువరసలో ఒకాయన — "ఏంది పెద్దాయనా, రంగు పల్చగుండాదే?"

నాయన చెయ్యి ఆగింది. నేను గబుక్కున — "ఎండితే నల్లబడతాదన్నా."

ఎండితే! ఎవరి ముందు అన్నాను ఆ మాట... తాకితేనే నల్లబడాలని నాకు నేర్పినవాడి ముందు.

నాయన మళ్ళీ కలం ముంచి సీతమ్మ కళ్ళు వేశాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నాకు ఆ చప్పట్లు వింటుంటే ఏడుపొచ్చింది.

బస్సులో శాలువా తీసి నా ఒళ్ళో పెట్టాడు. "చలేస్తాది, కప్పుకో." కప్పుకున్నాను, మా శ్రీకాళహస్తి వచ్చేదాకా.

23, మంగళవారం

పొద్దున పసుపుగుడ్డ తీసి పరిచాను. అదే సీతమ్మను దీని మీద నల్లగా నేనే వేసేసి, నువ్వు వేసిందే నాయనా అంటే? బొగ్గు చేతిలోకి తీసుకున్నాను. నా గీత ఆయన గీత కాదు. మళ్ళీ మడిచేశాను.

పని ముగిస్తే ఆయన మొదట అడిగేది ఒకటే — "నల్లగా దిగిందా పాపా?" ఈసారి అడగలేదు. నిన్న లేదు, ఇవాళ లేదు.

సాయంత్రం

ఇప్పుడే పిలిచాడు. "పాపా, ఆ గుడ్డ తీసుకో. ఏటికి పోదాం. ఉతకాల గదా."

కోటలో వేసిన ఆ తెల్లగుడ్డ మీద, నీళ్ళు తగిలితే గీతలు నిలవవు. ఆయనకు తెలియదా? తెలిసే అంటున్నాడా? అడగాలి. ఎలా అడగను...

చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చాపి ఉంచాడు, నా భుజం కోసం. ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి.