అవ్వను దగ్గించాల

7 ఫిబ్రవరి 2008, అమావాస్య. హోసూరు

మా వీధిలోని సమస్త ముక్కులకూ, కళ్ళకూ, గొంతులకూ శిరస్సు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇకపై జరగబోయే ఘోరాలన్నిటికీ బాధ్యుణ్ణి నేనే. బి.ఎస్సీ. కెమిస్ట్రీ, సెకండ్ క్లాస్. ఇంకా ఏ ఘోరమూ జరగలేదు. అయినా ముందే చెప్పి పెట్టుకుంటే, తరవాత పారిపోయే తొందరలో మర్చిపోయినా పరవాలేదు.

సంగతి ఇది. ఈరోజు అవ్వ మా అందరికీ దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తలల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకు దగ్గొస్తే దిష్టి లేనట్టు. రాకపోతే ఉన్నట్టు. రాలేదు. దీపావళికి ముందు తాత పోయినప్పటినుంచీ ఒక్క అమావాస్యకీ రాలేదు. చూసినారా, ఇల్లంతా దిష్టే, మీ తాతను తీసుకపోయిందీ అదే అని, అవ్వ రెండు ముద్దల పెరుగన్నం తిని చెయ్యి కడిగేసింది. దినామూ అంతే తింటోంది. అవ్వ చిక్కిపోతోందని అమ్మ ఆమె రవికలకు మళ్ళీ కుట్లు బిగించింది.

నిజానికి తప్పు దిష్టిది కాదు. నాన్నకు అల్సర్ అని డాక్టరు చెప్పినాక అమ్మ బ్యాడిగి కాయలే కొంటోంది. ఎర్రగా పెళ్ళికూతురి మాదిరి ఉంటాయి, కారం మాత్రం అడక్కూడదు. అవ్వకు ఆ మాటే చెప్పినాను. నేరం కాయమీద నెట్టొద్దురా సదువుకున్నోడా అనింది.

తాత మిద్దె మీద పెయింటు బకెట్లలో మిరప చెట్లు పెంచేవాడు. అత్తిముగం ఊరి విత్తనం. ఆ కాయలు నిప్పుల్లో పడితే ఎదురింటి మునెప్ప బనీనుతోనే బయటికి ఉరికి, తాతను పేరు పెట్టి, శేషప్పా, మా మీద ఏం పగప్పా నీకు అని అరిచేవాడు. తాత మీసాల్లో నవ్వుకునేవాడు. ఆయన పోయినాక ఆ చెట్లకు నీళ్ళు పొయ్యాలని ఎవరికీ తోచలేదు.

అవ్వను దగ్గించాల.

16 ఫిబ్రవరి

నా క్లాస్‌మేట్ శరవణన్ వాళ్ళ అన్న మిలిటరీ నుంచి లీవులో వచ్చినాడు. అస్సాం మిరపకాయలు తెచ్చినాడు. ముడతలు పడి, ముసలోళ్ళ వేళ్ళ మాదిరి ఉన్నాయి. అక్కడ ఏనుగులు రాకుండా కంచెకు పూస్తారంట. నేను ఏనుగునా అని శరవణన్ ఒక తునక నాలుక మీద పెట్టుకున్నాడు. తమిళంలో వాళ్ళమ్మను పిలిచినాడు, ఇంగ్లీషులో దేవుణ్ణి పిలిచినాడు. గింజలు నాకు.

16 ఫిబ్రవరి, సాయంత్రం

గింజలు తీసిన చేత్తో కన్ను నలుపుకున్నాను.

17 ఫిబ్రవరి

ఒంటికన్నుతో రాస్తున్నాను. నిన్న నేను గంతులేస్తా కంటికి నీళ్ళు కొట్టుకుంటుంటే అవ్వ వచ్చి చెయ్యి పట్టుకునింది. ముందు చేతులు గాడిదా, ఆ చేత్తోనే కన్ను కడిగితే ఎట్ల పోతుంది అని నా చేతులకు నూనె రాసి, సబ్బుతో గిన్నెలు తోమినట్టు తోమింది. ఆ తరవాతే కంటికి నీళ్ళు. పెళ్ళైన కొత్తలో మీ తాతా ఇట్లే చేసినాడు, ఆయన నలుపుకునింది కన్ను కాదులే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నవ్విందో లేదో తెలీదు. ఒంటికన్నుతో ఏం కనిపిస్తుంది?

8 మార్చి

నాటిన గింజలు ఇంకా మొలవలేదు. నిన్న అమావాస్యకూ ఘాటు రాలేదు.

19 మార్చి

మొలిచినాయి! ఫ్రిజ్ వెనక వెచ్చటి మూల పెట్టిన పెరుగు డబ్బాలో మూడంటే మూడు. అమ్మ చూసి, వీడికి ఉద్యోగమొచ్చినా ఇంత సంబరపడడు అనింది.

11 మే

మొక్కల్ని తాత బకెట్లలోకి మార్చినాను. మిట్టమధ్యాన్నం నీళ్ళు పోస్తుంటే కింద నుంచి అవ్వ కేకలు. చెట్టును ఉడకబెడతావా అని, మోకాళ్ళను తిట్టుకుంటా మెట్లెక్కి వచ్చింది. తాత పోయినాక అవ్వ మిద్దె ఎక్కింది ఈరోజే.

బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మీ తాత పోతే నువ్వొక్కడివే ఏడవలేదు, ఏంరా అని అడిగింది. నిజమే. ఆరోజు ఐసు పెట్టె పక్కన నిలబడి జోకులేసినాను. వచ్చినోళ్ళు నవ్వినారు కూడా. వీడిది రాతి గుండె అనింది ఇంద్రాణి అత్త.

ఫ్యూజు పోయిందవ్వా అన్నాను.

అవ్వ ఆకులు తిరగేసి పేనుబంక ఉందేమో చూసింది.

6 జులై

పూలన్నీ రాలిపోతున్నాయి. అవ్వ పుల్లమజ్జిగ నీళ్ళలో కలిపి చల్లమంది. చల్లినాను. నా కెమిస్ట్రీ డిగ్రీ దండెం మీద ఆరేసి ఉంది.

17 ఆగస్టు

కాయలు ఎర్రబడినాయి. అవ్వ చట్టాలు: చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోకుండా ముట్టకూడదు. కోసేది, ఎండబెట్టేది మిద్దె మీదే, వంటింట్లోకి రాకూడదు. ముఖం ఎంత దురద పెట్టినా దేవుడికి వదిలెయ్యాల. డబ్బాకు ఎర్రగుడ్డ కట్టింది, అమ్మ పొరపాటున సాంబార్లో వేసేస్తుందని.

30 ఆగస్టు, అమావాస్య, రాత్రి ఎనిమిది

కరెంటు లేదు. అయినా ఇప్పుడే రాసెయ్యాల.

కుంపటి వీధిలో పెట్టించినాను. అల్సర్ నాన్నను భద్రంగా మునెప్ప ఇంటికి పంపినాను. నేను కాలేజీ ల్యాబ్ గాగుల్స్, ముక్కుకు తడి టవలు, చేతులకు కవర్లు. గాలికి ఎగువన నిలబడినాను. అవ్వకు టవలిస్తే, మొహం కప్పుకుంటే దిష్టికి నేనెవరో ఎట్ల తెలుస్తుందిరా అని తోసేసింది.

కాయలు వేసింది. ఏమీ లేదు. అవ్వ మొహం వాడిపోయింది.

ఆ తరవాత అమ్మ దగ్గింది. గాలి తిరిగి పొగంతా ఎదురింట్లోకి పోయింది. లోపల నాన్న దగ్గు. బనీనుతో మునెప్ప బయటికి ఉరికి, చీకట్లో, పాత అలవాటున, శేషప్పా, మా మీద ఏం పగప్పా నీకు అని అరిచినాడు.

అరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు అవ్వ దగ్గింది. గోడ పట్టుకుని, వంగి, కళ్ళెంబడి నీళ్ళు కారుతా దగ్గింది. దగ్గుతానే నవ్వింది. పోయింది, పీడ పోయింది అనింది. ఆకలేస్తా ఉంది, సంగటి ఉందా అని అమ్మను అడిగింది. పెద్ద ముద్ద తినింది. ఇంకొంచెం అడిగింది.

31 ఆగస్టు

వీధంతా నన్నే తిడుతోంది. కాయలు వేసింది అవ్వ. గాలి తిప్పింది దేవుడు. నాకేం సంబంధం?

నేను చేసింది ఒక్కటే. ఆ గాగుల్స్‌కు రబ్బరు అంచు ఉంది, లోపలికి పొగ దూరదు. తీసినప్పుడు లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అవ్వ కొంగుతో తుడిచి ఇచ్చింది.